ఒక్క గుక్క రుచి చూస్తే శీలం పోతుందా?



పంచశీలలో ఐదో శీలం గురించి ఒక చిన్న పుస్తకం రాయమని మనవాళ్లు చాన్నాళ్లుగా అడుగుతున్నారు. తాగితే లివర్ చెడుతుంది, సంసారం చెడుతుంది అని రాస్తే మీరు తల ఊపి పక్కన పెట్టేస్తారు. ఆ సంగతి తాగేవాళ్లకే అందరికన్నా బాగా తెలుసు. తెలియక తాగేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అందుకని అది రాయడం లేదు. ఒక తమ్ముడు నన్ను అడిగిన ప్రశ్న రాస్తున్నాను. చూడటానికి చిన్న ప్రశ్నే. జవాబు చెప్పబోతే నాకు రెండు నెలలు పట్టింది.

ఆ తమ్ముడు మన సంగారెడ్డి మనిషే. పేరు అక్కర్లేదు. వాళ్ల నాయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ హమాలీ. తాగి తాగి యాభై నిండకుండానే పోయాడు. తల్లి కంపెనీ క్యాంటీన్‌లలో గిన్నెలు తోమి ఇద్దరు కొడుకులను పెంచింది. పెద్దవాడు చదువుకున్నాడు, ఇప్పుడు ఒక కంపెనీలో సేల్స్ మేనేజర్. చిన్నవాడు ఆటో నడుపుతాడు. నాలుగేళ్ల కింద పెద్దవాడు మాతోపాటు త్రిశరణం, పంచశీల తీసుకున్నాడు. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలూ నోటితో పలికాడు. పదిహేడో ప్రతిజ్ఞ మీకు గుర్తుంది కదా, మద్యం తాగనని.

ఒక ఆదివారం వందన అయిపోయాక నన్ను పక్కకు పిలిచి ఫోన్ చూపించాడు. "అన్నా, జర ఇది చూడు." టార్గెట్ దాటినవాళ్లకు కంపెనీ ఇస్తున్న విహారయాత్ర. తొమ్మిది రోజులు స్కాట్లాండ్. ఎడిన్‌బరో, గ్లాస్గో నగరాలు, ఆ తర్వాత స్కై, ఐలా అనే దీవులు. కోటల్లాంటి హోటళ్లు. రోజుకో విస్కీ తయారీ కేంద్రం, వెంట ఒక నిపుణుడు, ఒక్కో చోట నాలుగైదు రకాలు రుచి చూపించి, ఏ రుచి ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాడు. మనిషికి ఐదు లక్షల పైమాటే. ఈ తమ్ముడికి పైసా ఖర్చు లేదు.

"తాగనీకి పోతలేనన్నా. రుచి చూడనీకి పోతున్న. రెండూ ఒకటేనా?"

నేను వెంటనే "ఒకటే" అనబోయాను. అనలేదు. ఎందుకంటే నేనూ పదకొండేళ్లు తాగినవాణ్ణే. నాకు అప్పట్లో ఎవరన్నా "ఒకటే" అని చెప్తే ఆ మనిషి మొహం చూడటం మానేసేవాణ్ణి.

ముందు ఆ విస్కీ సంగతి తెలుసుకున్నాను. తెలుసుకోకుండా మాట్లాడటం న్యాయం కాదు. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తిస్తారు. ఐలా దీవిలో అయితే, చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, ఆ పొగ మీద మొలకలను ఆరబెడతారు. తర్వాత పులియబెట్టి, రాగి బట్టీల్లో కాచి దించి, ఓక్ చెక్క పీపాల్లో పోసి ఉంచుతారు. కనీసం మూడేళ్లు పీపాలో ఉండకపోతే దాన్ని స్కాచ్ అనడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు, పాతికేళ్లు ఉంచేవీ ఉన్నాయి. ఆ పీపాలోంచి ఏటా రెండు శాతం దాకా ఆవిరైపోతుంది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో ఇలాంటి విస్కీనే తయారుచేసి 2004లో గ్లాస్గోకే తీసుకెళ్లి అమ్మిన అమృత్ కంపెనీ వాళ్లకు మన ఎండల వల్ల ఏటా పది శాతం పైనే ఎగిరిపోతుందట. దేవదూతలకు కూడా దక్షిణాదిలోనే దాహం ఎక్కువ.

ఇందులో పని ఉంది, ఓపిక ఉంది, తరాల నైపుణ్యం ఉంది. కాదనను. కుండ చేసేవాడి చేతిలో ఉన్న నైపుణ్యం లాంటిదే. రుచి చూసే పద్ధతి కూడా ఉంది. అడుగున ఉబ్బి పైన సన్నబడిన చిన్న గ్లాసు. వెలుతురులో రంగు చూడాలి, ముక్కుతో మెల్లగా వాసన పీల్చాలి, రెండు చుక్కల నీళ్లు కలపాలి, మళ్లీ వాసన చూడాలి. ఆ తర్వాత ఒక్క గుక్క నోట్లో నిలిపి, మింగాలి లేదా ఉమ్మేయాలి. ఇక్కడే తమ్ముడు నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు ధ్యానంలో చెప్పేది గిదే కదా. ఒక్క శ్వాస మీద ఎరుక. వాళ్లు ఒక్క గుక్క మీద ఎరుక అంటున్నరు. ఆగమాగం తాగుడు కాదు. సోయితోని తాగుడు."

మీరైతే ఏమనేవారు?

నేను మొదట శీలం మాటల దగ్గరికి పోయాను. ఐదో శీలంలో ఉన్న ముఖ్యమైన మాట పమాదం. అంటే ఏమరుపాటు, సోయి తప్పడం. సుర, మేరయం, మత్తు పదార్థాలు పమాదానికి తావులు కాబట్టి వాటికి దూరంగా ఉంటానని మనకు మనమే మాట ఇచ్చుకుంటాం. ఈ మాటను పట్టుకుని కొందరు, సోయి తప్పేంత తాగితేనే తప్పు, తప్పనంతవరకు తప్పు లేదు అని అర్థం చెప్తారు. వ్యాకరణం ప్రకారం అలాగూ లాగవచ్చు. కానీ వినయ పిటకంలో భిక్ఖువులకు ఈ నియమం ఎట్లా వచ్చిందో చూస్తే ఆ అర్థం నిలబడదు.

సాగతుడనే భిక్ఖువు ఉండేవాడు. గొప్ప సాధకుడు. జటిలుల ఆశ్రమంలో ఉన్న భయంకరమైన నాగుణ్ణి తన శక్తితో లొంగదీశాడు. ఆ వార్త కోసంబి నగరమంతా పాకింది. ఉపాసకులు సంతోషపడి, అయ్యగారికి ఏది ఇస్తే బాగుంటుంది, ఏది అరుదు అని అడిగారు. అల్లరి భిక్ఖువులు కొందరు ఒక మేలిరకం సుర పేరు చెప్పారు. మరునాడు సాగతుడు భిక్షకు వెళ్తే ఇంటింటా అదే సిద్ధంగా ఉంది. ఇంటికి కొంచెం. ఎవరూ ఎక్కువ పోయలేదు. అందరూ గౌరవంతోనే ఇచ్చారు. నగర ద్వారం దాటేసరికి సాగతుడు పడిపోయాడు. భిక్ఖువులు మోసుకొచ్చి బుద్ధుడి వైపు తల ఉండేలా పడుకోబెడితే, పొర్లి కాళ్లు ఆయన వైపు పెట్టాడు. అప్పుడు బుద్ధుడు కోపపడలేదు. మిగతావాళ్లను రెండు మూడు ప్రశ్నలు అడిగాడంతే. ఈ సాగతుడు ఇంతకుముందు నా పట్ల మర్యాదగా ఉండేవాడు కాదా? ఇప్పుడు ఉన్నాడా? నాగుణ్ణి గెలిచినవాడు ఇప్పుడు నీళ్లలో పామునైనా గెలవగలడా?

ఆ తర్వాత వచ్చిన నియమంలో కొలత పెట్టలేదు. దర్భ మొనకు అంటినంత తాగినా తాగినట్టే అని వివరణలో ఉంది. సాగతుణ్ణి పడేసింది పెద్ద కుండ కాదు, ఇంటికో కొంచెం. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే కోసంబిలో ఆయన చేసింది రుచి చూసే యాత్రే.

అయితే నేను మీ దగ్గర ఒకటి దాచకూడదు. ఆ దర్భ మొన లెక్క భిక్ఖువులది. మనలాంటి ఉపాసకులకు ఐదో శీలం శిక్షాపదం, అంటే నేర్చుకునే అడుగు. దేవుడి ఆజ్ఞ కాదు. తప్పితే మళ్లీ తీసుకుంటాం. కాబట్టి "తమ్మీ, ఒక్క గుక్కతో నీ ధమ్మం మునిగిపోతుంది" అని నేను చెప్పలేదు. అది అబద్ధం.

ఎరుక సంగతి వేరు. దాని మీద మాత్రం నేను గట్టిగానే మాట్లాడాను. శ్రద్ధ వేరు, ఎరుక వేరు. ఎలుక కన్నం దగ్గర కూర్చున్న పిల్లికి ఎంత శ్రద్ధ ఉంటుందో చూశారా? చెవి కదలదు, మీసం కదలదు. దాన్ని ధ్యానం అంటామా? నోట్లో ఒక రుచి తగిలింది, సుఖంగా ఉంది. అది వేదన. దాని వెనకే ఇంకా కావాలి అనే తణ్హ వస్తుంది. దాని వెనక, ఇది నాది, నేను దీన్ని ఎరిగినవాణ్ణి అనే పట్టు వస్తుంది. బుద్ధుడు చెప్పిన గొలుసు ఇదే. ఎరుక పని వేదనకు తణ్హకు మధ్య నిలబడటం. విహారయాత్ర పని ఆ రెండింటినీ వీలైనంత అందంగా కలపడం. పన్నెండేళ్లది రుచి చూపించాక పద్దెనిమిదేళ్లది, అది చూపించాక పాతికేళ్లది ఎందుకు చూపిస్తారు? వరస తిరగేసి చూపించరు. చివర్లో సీసాలు కొనుక్కునే దుకాణంలోంచే బయటికి దారి ఎందుకు ఉంటుంది? అక్కడ మన ఎరుకను అడుగడుగునా పదును పెడతారు, నిజమే. కోరిక తెగ్గోయడానికి కాదు, సన్నగా చెక్కడానికి.

దీనికి తమ్ముడు మంచి జవాబే చెప్పాడు. విస్కీలు కలిపే పెద్ద నిపుణులు రోజూ పదుల రకాలు ముక్కుతోనే చూస్తారట, మింగరట. "మరి వాళ్లు తాగినట్టా, తాగనట్టా?" నేను నవ్వాను. ముక్కుతో చూసి గ్లాసు కింద పెట్టి లేచి రాగలిగితే నాకు అభ్యంతరం ఏమీ లేదన్నాను. "నువ్వు అట్లనే వస్తవా?" అంటే ఆలోచించి, "ఏమోనన్నా" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆ పిల్లగాడంటే నాకు ఇంకా ఇష్టమైంది.

అసలు సంగతి అప్పుడు బయటికి వచ్చింది. చాలాసేపు ఊరుకుని, తల ఎత్తకుండా చెప్పాడు. "మా నాయన గుడుంబా తాగి నాలా పక్కన పడి ఉంటే, చిన్నప్పుడు నేనే పోయి లేపుకొచ్చెటోణ్ణి. జనం చూస్తుండె. మన జాతే గంత అంటుండె. ఇయ్యాల నన్ను పిలిచి, సార్ అని కూర్చోబెట్టి, గాజు గ్లాసుల పోసి, ఎట్లుంది సార్ అని అడుగుతరన్నా. నేను పోయేది విస్కీ కోసం కాదు. గా మాట కోసం."

మిత్రులారా, దీనికి శీలం చదివి వినిపిస్తే సరిపోదు. ఈ కోరికలో తప్పేముంది? తరతరాలు గడప బయట నిలబెట్టినవాళ్లం. గడప లోపల కుర్చీ వేస్తే కూర్చోవాలని ఉండదా? బాబాసాహెబ్ న్యూయార్క్ వెళ్లారు, లండన్ వెళ్లారు, మంచి సూటు వేశారు. మన పిల్లలు విమానం ఎక్కాలి, సముద్రాలు దాటాలి, దీవులు చూడాలి. ఆ యాత్రకు పోవద్దని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు.

నా ప్రశ్న ఆ గౌరవం ఎవరిది అని. మనిషిదా, గ్లాసుదా? గ్లాసు పక్కన పెట్టినా "సార్" అంటారా? అంటే మంచిదే, గ్లాసు అక్కర్లేదు. అనకపోతే ఆ గౌరవం మనది కాదు, అద్దెది.

ఇంకొక లెక్క ఉంది. ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు ఆ లెక్క తప్పించుకోలేరు. సాయంత్రం షిఫ్టు వదిలే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక గంట నిలబడండి. బీహార్, ఒడిశా, యూపీ నుంచి వచ్చిన పిల్లగాళ్లు, మన పల్లెల పిల్లగాళ్లు, వైన్స్ ముందు వరస. పర్మిట్ రూంలో ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, పల్లీలు. ఐదు నిమిషాల్లో క్వార్టర్ అయిపోతుంది. ఎవరూ రంగు చూడరు, వాసన చూడరు. వాసన తెలియకుండా ఉండాలనే ముక్కు మూసుకుని తాగుతారు. ఆ సీసా తిప్పి చూడండి, 42.8 శాతం ఆల్కహాల్ అని ఉంటుంది. స్కాట్లాండ్ చట్టం స్కాచ్‌కు అడిగే కనీస బలం 40 శాతం. మత్తు దగ్గర పెద్ద తేడా లేదు. మన చవక విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్. ఐరోపాలో దాన్ని విస్కీ అన్న పేరుతో అమ్మనివ్వరు. కానీ పేరు మాత్రం ఆ దీవుల నుంచే అరువు తెచ్చుకున్నాం. లేబుల్ మీద కోట, గుర్రం, కిరీటం, దొరతనపు పేరు. మధ్యాహ్నమంతా బస్తాలు మోసినవాడు రాత్రికి ఒక అరగంట దొరలాగా ఉండాలని కొనుక్కునేది ఆ బొమ్మనే. ఆ బొమ్మకు విలువ ఎవరిస్తున్నారు? గాజు గ్లాసులో రుచి చూసేవాళ్లే ఇస్తున్నారు. తమ్ముడు కోరుకునే మాట, వాళ్ల నాయన తాగిన సీసా, రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

జాతక కథల్లో 512వది కుంభ జాతకం. పిల్లులు తాగి పడిపోయే కథ అని పిల్లలకు నవ్వుతూ చెప్తుంటాం. ఈసారి మళ్లీ చదివితే నాకు నవ్వు రాలేదు. సురుడనే అడవి మనిషి హిమాలయంలో ఒక చెట్టు తొర్రలో నీళ్లు చూస్తాడు. కరక్కాయలు, ఉసిరికాయలు, మిరియాలు అందులో పడి, చిలకలు రాల్చిన వడ్లు పడి, ఎండకు పులిసి ఎర్రబడ్డాయి. పిట్టలు తాగి పడిపోయి, కాసేపటికి లేచి ఎగిరిపోతున్నాయి. ఇది విషం కాదులే అని తాగాడు. బాగుంది. వరుణుడనే తాపసికి ఇచ్చాడు. సుర, వారుణి అనే పేర్లు ఈ ఇద్దరివే. ఇద్దరూ వెదురు గొట్టాల్లో నింపుకుని ఊళ్ల మీద పడ్డారు. ముందు సరిహద్దు పట్నం రాజుకు రుచి చూపించారు. రాజుకు నచ్చింది, ఇంకా తెమ్మన్నాడు. చివరికి ఊళ్లోనే తయారీ మొదలైంది. ఆ పట్నం పాడుబడింది. అక్కణ్ణుంచి వారణాసి, అదీ పాడుబడింది. తర్వాత సాకేతం. ఆ తర్వాత సావత్థి. అక్కడ ఐదు వందల కుండలు పెట్టి, ఎలుకలు రాకుండా కుండకొక పిల్లిని కట్టేశారు. కారిన సుర నాకి పిల్లులు మత్తుగా పడుకుంటే, ఎలుకలు వచ్చి చెవులూ ముక్కులూ కొరికి పోయాయి. చివరికి సక్కుడు బ్రాహ్మణ వేషంలో కుండ పట్టుకుని వచ్చి, ఈ కుండలో ఏమేం చెడు ఉందో చెప్పి అమ్మజూపితే, రాజుకు కళ్లు తెరుచుకున్నాయి.

గమనించారా, ఏ పట్నంలోనూ రాజు పాడుబడినట్టు కథ చెప్పదు. రుచి చూసింది రాజు. పాడుబడింది ఊరు.

ఇది పాత కథ అనుకుంటే మన కథే చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మీరు విన్నారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకాక 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. సారాను మాత్రమే. సీసాల్లో వచ్చే విస్కీ, బ్రాందీ అప్పుడు మామూలుగానే అమ్మారు. పేదవాడిది తాగుడు, ఉన్నవాడిది అలవాటు అన్నమాట. 1995 జనవరిలో మొత్తం నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇప్పుడు తెలంగాణలో 2,620 దుకాణాలు. 2023లో వాటి కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. దుకాణం వచ్చినా రాకపోయినా తిరిగిరాని దరఖాస్తు రుసుమే ఒక్కొక్కటి 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకుండానే ఖజానాకు 2,600 కోట్లకు పైగా వచ్చింది. అంత డబ్బు పెట్టి దుకాణం తెరిచినవాడు ఎవరి జేబులోంచి రాబట్టుకుంటాడో లెక్క చెప్పడానికి నేను అక్కర్లేదు.

స్కాట్లాండ్‌లో మాత్రం? ఆ కోటల హోటళ్ల పక్కనే, 2023లో ఒక్క ఏడాదిలో మద్యం వల్ల నేరుగా చనిపోయినవాళ్లు 1,277 మంది. ఆ దేశం జనాభా మన హైదరాబాద్ జనాభాకన్నా తక్కువ. బాగా పేద వాడల్లో ఈ చావుల రేటు, ఉన్నవాళ్ల వాడల్లోకంటే నాలుగు రెట్ల పైన. అందుకే 2018 మే 1 నుంచి అక్కడ మద్యం ఇంతకన్నా చవకగా అమ్మకూడదని చట్టం పెట్టారు, 2024లో ఆ ధర ఇంకా పెంచారు. ఈ సంగతులు యాత్ర కాగితంలో రాయరు. రాస్తే ఎవరు పోతారు? అక్కడి పేదవాడికి ధర పెంచి కాపాడుకుంటున్నారు. మనకు మాత్రం, 2025 జూలై 24న కుదిరిన వ్యాపార ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద సుంకం 150 శాతం నుంచి మొదట 75కి, పదేళ్లలో 40కి దిగుతుంది.

ఇక్కడ మీలో కొందరికి కడుపులో ఏదో కదిలి ఉంటుంది. సంగారెడ్డి చుట్టుపక్కల బీరు ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్లు ఎంతమంది లేరు? ఉపాసకుడు చేయకూడదని బుద్ధుడు చెప్పిన ఐదు వ్యాపారాల్లో మత్తు వ్యాపారం ఒకటి. వ్యాపారం అన్నాడు. బాట్లింగ్ లైన్ మీద పన్నెండు గంటలు నిలబడి క్రేట్లు ఎత్తే కాంట్రాక్టు కూలీని వ్యాపారి అనడానికి నాకు నోరు రాదు. వేరే పని దొరికిననాడు మారు అని మాత్రం చెప్తాను. మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల నాటి పట్నం, బౌద్ధ కట్టడాలు, రోమన్ నాణేలు బయటపడ్డాయి. ఆ నాణేలు ఏ సరుకు అమ్మితే వచ్చాయో గానీ, ఈ మట్టిలో భిక్ఖువులు నడిచారు. మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకుపోండి.

నా సంగతి ఒకటి చెప్పి తమ్ముడి దగ్గరికి వస్తాను. నేను ఫ్యాక్టరీలో ఉన్న రోజుల్లో బొల్లారంలో ఒక మంచి స్నేహితుల గుంపు ఉండేది. మేం గుడుంబా తాగేవాళ్లం కాదు. అదొక గర్వం. మంచి బ్రాండు, మంచి ముచ్చట్లు. మమ్మల్ని చూసి వీళ్లు తాగుబోతులు అని ఎవరూ అనేవాళ్లు కాదు. ఒక ఏడాది నా బిడ్డ పదో తరగతి పరీక్ష ఫీజు డబ్బులు నా జేబులో ఉన్నాయి. ఆ రాత్రి ఒక స్నేహితుడి ప్రమోషన్. నా వంతు నేను ఇచ్చాను, మర్యాద కోసం. తెల్లారి బిడ్డ ఏమీ అడగలేదు. ఫీజు ఎవరో కట్టారు. ఎవరు కట్టారో ఆమె ఇప్పటికీ నాకు చెప్పలేదు. నేను ఆ రాత్రి సోయి తప్పలేదు, ఎక్కడా పడిపోలేదు, ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. తూకం వేస్తే నేను తాగింది తక్కువే.

ఈ ముచ్చట తమ్ముడికి చెప్తే, "అన్నా, గది వేరే, ఇది వేరే. నాకు పైసా ఖర్చు లేదు" అన్నాడు. నిజమే, వేరే. అప్పుడు నేను అడిగాను.

"వచ్చేటప్పుడు ఏం తెస్తవ్ తమ్మీ?"

"అందరూ రెండు సీసాలు తెచ్చుకుంటరన్నా. రెండు లీటర్ల దాకా సుంకం లేదు."

"ఇంట్ల ఎవరు తెరుస్తరు?"

మాట్లాడలేదు. వాళ్ల తమ్ముడు, ఆటో నడిపే చిన్నవాడు, తాగుడు మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. మానేయడానికి ఎంత తిప్పలు పడ్డాడో మా అందరికీ తెలుసు. మొదటి నెలంతా రాత్రిళ్లు చేతులు వణికితే ఈ అన్నే పక్కన కూర్చున్నాడు. ఆ ఇంట్లో అల్మారా మీద, ఐలా దీవి నుంచి వచ్చిన అందమైన పెట్టె ఒకటి ఉంటుంది. అది తాగుడు కాదు, గౌరవం. చుట్టాలు వస్తే చూపించాలి. చూపించినాక ఒక్క గుక్క రుచి చూపించాలి. వెదురు గొట్టం అట్లాగే ఊళ్లోకి వస్తుంది.

తమ్ముడు బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. రెండు ఆదివారాలు వందనకు రాలేదు. తప్పుగా మాట్లాడానేమోనని నాకు నిద్ర పట్టలేదు. మూడో ఆదివారం వచ్చాడు.

నేను కూడా ఆ మధ్యలో కొంచెం చదివి పెట్టుకున్నాను. స్కాట్లాండ్ పడమటి ఒడ్డున అరన్ అనే దీవి ఉంది. దాని మీద రెండు విస్కీ తయారీ కేంద్రాలు. దాని లామ్‌లాష్ ఊరి ఎదురుగా, పడవలో కొద్దిసేపు పోతే ఇంకో చిన్న దీవి, హోలీ ఐల్. 1992లో దాన్ని బౌద్ధులు కొన్నారు. 1967లో అక్కడి ఎస్క్‌డేల్‌మ్యూర్‌లో సామ్యే లింగ్ అనే టిబెటన్ విహారం పెట్టినవాళ్లే. ఆ దీవి మీద ఎవరు ఉండాలన్నా, బౌద్ధులైనా కాకపోయినా, ఉన్నన్ని రోజులూ ఐదు నియమాలు పాటించాలి. మద్యం ముట్టకపోవడం అందులో ఒకటి. అదే గాలి, అదే సముద్రం, అదే వాన. తమ్ముడికి ఫోన్‌లో ఫొటోలు చూపించాను. చాలాసేపు చూశాడు. యాత్రలో ఒక రోజు అటు పోవచ్చా అని కంపెనీ వాళ్లను అడుగుతానన్నాడు. అడిగాడు కూడా. ప్రోగ్రాం ముందే బుక్ అయింది, మార్చడం కుదరదన్నారట. రుచి చూసే గంటల్లో బయట కూర్చోవచ్చా అంటే, మీ ఇష్టం సార్ అన్నారట.

"సార్ అనే అన్నరా?" అని అడిగాను.

"సార్ అనే అన్నరన్నా" అన్నాడు. నవ్వాడో లేదో సరిగ్గా చూడలేదు.

వీసా వచ్చింది. వచ్చే నెల ప్రయాణం. అక్కడ ఏం చేస్తాడో నాకు తెలియదు, నేను అడగలేదు కూడా. నిన్న సాయంత్రం అన్నదమ్ములిద్దరూ ఆటోలో మా ఇంటి ముందు నుంచి పోతూ ఆగారు. పెట్టె కొనడానికి పటాన్‌చెరు బజారుకు పోతున్నారు. చాయ్ తాగమన్నాను. గ్లాసులు పట్టుకుని గడప మీదే కూర్చున్నారు. నా బిడ్డ దగ్గర పెద్ద సూట్‌కేసు ఉంది, తీసుకుపో అన్నాను. అన్న తీసుకుంటాననే అనబోయాడు.

చిన్నవాడు వద్దన్నాడు. "చిన్నదే కొందామన్నా. పోయేటప్పుడు స్వెట్టర్లు పడితే చాలు. అచ్చేటప్పుడు ఏం తెచ్చేది ఉన్నది?"

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "సరే, చిన్నదే" అన్నాడు. ఇద్దరూ ఆటో ఎక్కారు.